ఒక పాట, ఎన్నో చేతులు: వైఎంఓ రీమిక్సులను విని, విప్పి, చేసి చూడటం ఎలా

జపాన్ బృందం ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా, అంటే వైఎంఓ, చేసిన "తోంగ్ పూ" పాటలో ఆడగొంతు ఉందా, లేదా? దీని మీద నేనూ ఒక మిత్రుడూ ఓ సాయంత్రమంతా వాదించుకున్నాం. ఉందని నేను. ఆ పాటకు మాటలే లేవు, ఇంక గొంతెక్కడిదని అతను. చివరికి ఇద్దరి ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి వింటే ఇద్దరిదీ నిజమేనని తేలింది. అతని దగ్గరున్నది 1978 నవంబరులో జపాన్‌లో విడుదలైన ఆల్బమ్. నా దగ్గరున్నది 1979లో అమెరికా మార్కెట్ కోసం అల్ ష్మిట్ అనే ఇంజనీరు మళ్ళీ మిక్స్ చేసిన ఆల్బమ్. అందులో గాయని మినాకో యోషిదా గొంతు ఉంది, "యాక్రొబాట్" అనే చిన్న ముక్క లేదు. కొన్నేళ్ళపాటు నేను వింటున్నది రెండో రూపమని నాకే తెలియదు.

వైఎంఓ పాటలను ఎవరెవరు ఎలా తిరగరాశారో వినడానికి, చివర్లో మీరే ఒక ముక్క చేసి చూడటానికి ఒక పద్ధతి చెబుతాను. నాలుగైదు సాయంత్రాలు పడుతుంది. కావలసినవి ఓ మాదిరి హెడ్‌ఫోన్స్, ఒక నోటుబుక్కు, పాటలను కోసి అతికించడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్. సంగీతం నేర్చుకుని ఉండనక్కర్లేదు. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు లెక్కపెట్టడం వస్తే చాలు.

మొదటి మెట్టు: ముగ్గురిని, వెనకున్న నాలుగో మనిషిని గుర్తుపట్టండి

వైఎంఓ 1978లో టోక్యోలో మొదలైంది. బాస్ హరుఓమి హొసోనో, డ్రమ్స్, గాత్రం యుకిహిరో తకహాషి, కీబోర్డులు ర్యుఇచి సకమోతో. 1983 చివర్లో బృందాన్ని ఆపేసి, 1993లో ఒకసారి మళ్ళీ కలిశారు. పేరు మీద హక్కులు పాత రికార్డు కంపెనీ దగ్గర ఉండటంతో అప్పటి ఆల్బమ్ మీద వైఎంఓ అక్షరాలను ఇంటూ గుర్తుతో కొట్టేసి అచ్చు వేశారు! తకహాషి, సకమోతో ఇద్దరూ 2023లో, రెండున్నర నెలల తేడాతో చనిపోయారు.

నాలుగో మనిషి హిదెకి మత్సుతకే. సింథసైజర్ సంగీతకారుడు ఇసావో తోమితా దగ్గర పని నేర్చుకున్నవాడు. సింథసైజర్లను, అంటే కరెంటుతో చప్పుళ్ళు పుట్టించే వాయిద్యాలను, దానంతటదే వాయించే రోలాండ్ ఎంసీ-8 అనే యంత్రానికి స్వరాలు ఎక్కించడం ఇతని పని. దానికి కీబోర్డు ఉండదు, క్యాలిక్యులేటర్‌లాంటి అంకెల మీటలుంటాయి. ప్రతి స్వరానికీ ఏ శ్రుతి, తర్వాతి స్వరం ఎంతసేపటికి, ఈ స్వరం ఎంతసేపు మోగాలి అని మూడు అంకెలు కొట్టాలి. మెమరీ 16 కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు.

ఈ వివరం మనకెందుకంటే, యంత్రం కొట్టే టిక్కు టిక్కుకు తకహాషి చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని చేత్తో డ్రమ్స్ వాయించాడు. అందువల్ల ఈ పాటల్లో లయ జారిపోదు, మనిషి దెబ్బ కూడా పోదు. రీమిక్స్ చేసేవాడికి ఇంతకంటే మంచి ముడిసరుకు ఏముంటుంది?

రెండో మెట్టు: మూడు మాటలను విడదీయండి

మన దగ్గర రీమిక్స్ అనే మాట చాలా వదులుగా తిరుగుతుంది. 1991 నాటి "గ్యాంగ్ లీడర్" వాన పాట 2012లో "రచ్చ"లో మళ్ళీ వస్తే దాన్ని అందరం రీమిక్స్ అనే అన్నాం. నిజానికి అది కొత్త గొంతులతో, కొత్త వాయిద్యాలతో మళ్ళీ కట్టిన పాట. వినాయక నిమజ్జనం బండి మీద మోగేది మరో రకం. అక్కడ పాత పాట అలాగే ఉంటుంది, కింద తీన్మార్ దరువో, ఎలక్ట్రానిక్ బీటో పడుతుంది.

వరసను తీసుకుని మొదటి నుంచీ మళ్ళీ వాయిస్తే కవర్. రికార్డులోంచి ఒక ముక్క కోసి వేరే పాటలో అతికిస్తే శాంపిల్. అసలు రికార్డింగులో డ్రమ్స్, బాస్, గొంతు ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్న ట్రాకులను తీసుకుని వాటినే కొత్తగా కూర్చితే రీమిక్స్. అల్ ష్మిట్ చేసింది ఈ మూడోదే, కాకపోతే బాగా పాతకాలపు అర్థంలో. కొత్త బీట్ పెట్టకుండా ఉన్నవాటి ఎత్తుపల్లాలు మార్చి, ఒక గొంతు చేర్చాడు.

నోటుబుక్కులో ఒక పేజీని మూడు గడులుగా గీసి ఈ మూడు పేర్లూ రాయండి. ఇకమీదట వినే ప్రతి రూపాన్నీ ఒక గడిలో పడేయాలి. కొన్ని గీత మీద కూర్చుంటాయి, ఫరవాలేదు.

మూడో మెట్టు: "ఫైర్‌క్రాకర్"తో మొదలుపెట్టండి, కానీ వైఎంఓదానితో కాదు

ముందు మార్టిన్ డెన్నీ 1959 నాటి "ఫైర్‌క్రాకర్" వినండి. హొటళ్ళలో కూర్చుని కాక్‌టెయిల్ తాగే అమెరికన్ల కోసం, వాళ్ళు ఊహించుకున్న తూర్పు దేశాన్ని వాయించిన సంగీతం అది. దాన్ని ఎగ్జోటికా అనేవారు. హొసోనోకు తట్టిన కొంటె ఆలోచన ఏమిటంటే, మన గురించి వాళ్ళు కట్టిన ఊహను మనమే తీసుకుని సింథసైజర్ల మీద డిస్కోగా వాయించి మళ్ళీ వాళ్ళకే అమ్మాలి. వైఎంఓ పుట్టిందే ఈ ఆలోచన చుట్టూ. అంటే ఈ బృందాన్ని తిరగరాసినవాళ్ళ కథ మొదలుకాక ముందే, ఇది ఇంకొకరి పాటను తిరగరాసిన బృందం.

ఇప్పుడు వైఎంఓ రూపం పెట్టండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి డ్రమ్స్ మాత్రమే, మూడోసారి బాస్ మాత్రమే, నాలుగోసారి పైన నడిచే వరస మాత్రమే. నాలుగుసార్లు వినమంటే విసుగనిపిస్తుంది కానీ, నాలుగోసారికి మొదటిసారి వినబడనివి కనీసం మూడు వినబడతాయి. వాటిని నిమిషం, సెకనుతో సహా రాసుకోండి.

తర్వాత వేగం కొలవండి. గడియారం చూస్తూ 30 సెకన్లలో ఎన్నిసార్లు కాలు తాటిస్తున్నారో లెక్కపెట్టి రెండుతో హెచ్చవేస్తే బీపీఎం, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో వస్తుంది. సగమో రెట్టింపో అనిపిస్తే కంగారు పడకండి, మీరు పక్క కాలంలో తాటిస్తున్నారు, అంతే.

ఇదే పాట అమెరికాలో, బ్రిటన్‌లో ముందు వీడియో గేమ్ చప్పుళ్ళు చేర్చుకుని "కంప్యూటర్ గేమ్" పేరుతో సింగిల్‌గా వెళ్ళింది. 1980లో బ్రిటన్ చార్టులో 17వ స్థానం దాకా ఎక్కింది. ఆ ఏడాదే అమెరికాలో నల్లజాతి సంగీతానికి పెద్ద వేదికైన "సోల్ ట్రెయిన్" టీవీ షోలో వైఎంఓ వాయించింది. 2001లో జెన్నిఫర్ లోపెజ్ "ఐయామ్ రియల్" పాట కింద నడిచేదీ ఇదే "ఫైర్‌క్రాకర్" వరస. వీలైతే 2006లో సెన్యోర్ కొకొనట్ అనే పేరుతో పనిచేసే జర్మన్ సంగీతకారుడు చేసిన వైఎంఓ కవర్ల ఆల్బమ్ కూడా చూడండి. సింథసైజర్ పాటలను చా-చా-చా బ్యాండుకు అప్పజెప్పాడు. డెన్నీ బారులోంచి బయల్దేరిన పాట, ప్రపంచం తిరిగి మళ్ళీ ఒక బారు దగ్గరికి చేరినట్టుంటుంది.

నాలుగో మెట్టు: రెండు మిక్సులను ఒకదాని మీద ఒకటి పడేయండి

నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. మీ దగ్గర "తోంగ్ పూ" రెండు సీడీల నుంచో, రెండు ఫైళ్ళుగానో ఉందనుకుందాం. రెండూ ఒకటేనా, వేరా? చెవి మోసపోవచ్చు. ఆడాసిటీ మోసపోదు.

రెండు ఫైళ్ళనూ తెరిస్తే ఒకదాని కింద ఒకటి రెండు ట్రాకులుగా కనబడతాయి. పాట మొదట్లో పడే గట్టి దెబ్బ దగ్గర బాగా జూమ్ చేయండి. అలల గీత చిన్న చిన్న చుక్కలుగా విడిపోయేదాకా వెళ్ళాలి. రెండు ట్రాకుల్లోనూ ఆ దెబ్బ ఒకే గీత మీదకు వచ్చేట్టు ఒకదాన్ని జరపండి. ఇప్పుడు కింది ట్రాకును మొత్తం ఎంచుకుని, ఎఫెక్ట్ మెనూలో ఇన్వర్ట్ నొక్కండి. పైకి లేచే అల కిందకు, కిందది పైకి తిరుగుతుంది. రెండూ కలిపి ప్లే చేయండి.

రెండూ అచ్చంగా ఒకటే అయితే ఒకదాన్ని ఒకటి మింగేసి నిశ్శబ్దం వస్తుంది. మొదటిసారి ఇది జరిగినప్పుడు స్పీకర్ పాడైందేమోనని ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టాను. పల్చగా అదే పాట వినబడుతుంటే ఒకదాని సౌండ్ ఎక్కువగా ఉందని అర్థం. ఆ ట్రాకు గెయిన్‌ను కొద్దికొద్దిగా తగ్గించి చూడండి. అలా కాకుండా విమానం తలమీదుగా పోతున్నట్టు ఊ... ష్ అని తిరిగే శబ్దం వస్తుంటే, రెండూ వేర్వేరుసార్లు టేపులోంచి ఎక్కించినవి. టేపు వేగం వెంట్రుకవాసి తేడాగా నడవడం వల్ల ఆ చప్పుడు పుడుతుంది. అప్పుడు మిక్స్ ఒకటే అయినా పూర్తి నిశ్శబ్దం రాదు, కాబట్టి వెంటనే తీర్పు చెప్పేయకండి. జపాన్, అమెరికా మిక్సులు రెండూ ఇలా కలిపితే ఏదీ చెరగదు. అంతా బావిలోంచి వచ్చినట్టు వినబడుతూ, మధ్యలో మినాకో యోషిదా గొంతు మాత్రం తేటగా తేలుతుంది. ఆమెను చెరిపేయడానికి అవతలి ట్రాకులో ఏమీ లేదు కదా.

ఐదో మెట్టు: "బిహైండ్ ద మాస్క్" వెంట నడవండి

సకమోతో దీన్ని మొదట సీకో వాచీల ప్రకటన కోసం కట్టాడు. క్రిస్ మోస్డెల్ ఇంగ్లీషు మాటలతో 1979 నాటి "సాలిడ్ స్టేట్ సర్వైవర్" ఆల్బమ్‌లో చేరింది. అందులో గొంతు వోకోడర్‌లోంచి, అంటే మాటను సింథసైజర్ చప్పుడుగా మార్చే యంత్రంలోంచి, మనిషో మరబొమ్మో తెలియనట్టు వస్తుంది. దీన్ని ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్ మైకేల్ జాక్సన్‌కు వినిపించాడు. జాక్సన్ కొత్త మాటలు, కొత్త వరస చేర్చి "థ్రిల్లర్" రోజుల్లో రికార్డు చేశాడు కానీ రాయల్టీ వాటాల దగ్గర బేరం కుదరక పక్కన పెట్టేశారు. కీబోర్డు వాయించే గ్రెగ్ ఫిల్లింగేన్స్ దాన్ని తన ఆల్బమ్‌లో పాడుకున్నాడు. అతను గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌తో పనిచేస్తుండగా పాట అక్కడికీ చేరింది. క్లాప్టన్ 1986 ఆల్బమ్ "ఆగస్ట్"లో అది ఉంది. జాక్సన్ రూపం ఆయన పోయాక, 2010లో బయటికొచ్చింది.

నాలుగూ వరసగా వినండి. నోటుబుక్కులో ఒకే ప్రశ్న రాసుకోండి: ఎవరూ వదలనిది ఏమిటి? మాటలు మారాయి. మరబొమ్మ గొంతు పోయి ప్రేమలో దెబ్బతిన్న మనిషి గొంతు వచ్చింది. డ్రమ్స్ మారాయి, గిటార్ వచ్చింది. మొదట్లో సింథసైజర్ మీద మెట్లు దిగినట్టు పదే పదే వచ్చే ఆ నాలుగు ముక్కల వరస మాత్రం అందరి దగ్గరా అలాగే ఉంది. పాట ప్రాణం అందులో ఉందని నలుగురూ వేర్వేరుగా ఒప్పుకున్నట్టే. నా మట్టుకు క్లాప్టన్ రూపం ఎప్పుడూ నచ్చలేదు. వోకోడర్‌తో పాటు పాటలోని చలి కూడా పోయిందనిపిస్తుంది. మీకు నచ్చితే మీరు వాదించవచ్చు, కానీ ఏ సెకను దగ్గర నచ్చిందో చెప్పగలగాలి.

ఆరో మెట్టు: 1992, బ్రిటన్ కుర్రాళ్ళ చేతిలో

"హైటెక్/నో క్రైమ్" అనే రీమిక్స్ ఆల్బమ్ 1992లో వచ్చింది. ది ఆర్బ్, 808 స్టేట్, ఆర్బిటల్, ఆల్టర్న్ 8 వంటి బ్రిటిష్ డ్యాన్స్ సంగీత బృందాలకు వైఎంఓ పాటలు ఇచ్చి చేయించిన పని. ఇది వినే ముందు చిన్న వెనకకథ ఒకటి చెప్పుకోవాలి. రోలాండ్ టీఆర్-808 డ్రమ్ యంత్రం 1980లో మార్కెట్లోకి వచ్చింది. వైఎంఓ దాన్ని 1981 నాటి "బీజీఎం" ఆల్బమ్‌లోనే వాడేసింది. తర్వాత మాంచెస్టర్ కుర్రాళ్ళు కొందరు ఆ యంత్రం పేరే తమ బృందానికి పెట్టుకున్నారు. వాళ్ళే 808 స్టేట్. ఇక్కడ మనవలు తాతగారి సామాను సర్దుతున్నారన్నమాట.

అదే 1981 చివర్లో "టెక్నోడెలిక్" ఆల్బమ్ కోసం ఎల్ఎండీ-649 అనే శాంపిలర్‌ను, అంటే శబ్దం ముక్కలను పట్టి మళ్ళీ వాయించే యంత్రాన్ని, తోషిబా-ఈఎంఐ ఇంజనీరు ఒకరు సొంతంగా కట్టి ఇచ్చారు. బయట కొందామన్నా దొరికే వస్తువు కాదు. పదేళ్ళ తర్వాత ఈ రీమిక్సర్ల బల్ల మీద శాంపిలర్ లేకుండా పనే జరగదు.

వినేటప్పుడు ముందు ఎవరి అలవాటేమిటో తెలిస్తే మంచిది. ది ఆర్బ్ పాటను పొగమంచులా పరుస్తారు, బీట్ కోసం తొందరపడరు. ఆల్టర్న్ 8 రేవ్ పార్టీల మనుషులు, ఆగడం తెలియదు. ఆర్బిటల్ చిన్న వరసను పట్టుకుని మెల్లగా పెంచుకుంటూ పోతారు. ప్రతి రీమిక్స్‌కూ నోటుబుక్కులో రెండు గీతల లెక్క రాయండి. అసలు పాటలోని మొదటి ముక్క ఎన్నో నిమిషంలో వినబడింది? అది ఏది? ఒకరు రెండు నిమిషాల దాకా ఆపి గొంతు ముక్క ఒక్కటి వదలవచ్చు, ఇంకొకరు మొదటి సెకనులోనే వరస మొత్తం కుమ్మరించవచ్చు. ఈ లెక్క పదిసార్లు రాశాక రీమిక్సర్ పేరు చూడకుండానే ఎవరిదో ఊహించడం మొదలవుతుంది. ఒకటి రెండు నిర్మొహమాటంగా బోరు కొడతాయి. అసలు పాటలోంచి ఒక్క చప్పుడు తీసుకుని, మిగతాదంతా తమ సొంత దుకాణం పెట్టేసినవి అవి.

ఏడో మెట్టు: ఎనిమిది ఆవర్తాల ముక్క మీరే చేయండి

మొత్తం పాట వద్దు. నాలుగు దెబ్బలు ఒక ఆవర్తమనుకుంటే, ఎనిమిది ఆవర్తాలు చాలు. విడి ట్రాకులు మన దగ్గర ఉండవు కాబట్టి అల్టిమేట్ వోకల్ రిమూవర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటను డ్రమ్స్, బాస్, గొంతు, మిగతా అని నాలుగుగా విడదీయండి. ఈ సాఫ్ట్‌వేర్లు మామూలు బ్యాండు పాటల మీద నేర్చుకున్నవి. వైఎంఓ దగ్గరికొచ్చేసరికి తికమకపడతాయి. సింథ్ బాస్ ఒక్కోసారి "మిగతా"లోకి వెళ్ళిపోతుంది. వోకోడర్ గొంతు సగం అటు, సగం ఇటు చీలుతుంది. తాళాల చప్పుడు నీళ్ళలో నానినట్టు వస్తుంది. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలు ఇస్తే కాస్త నయం.

ఇప్పుడు లెక్క. అసలు పాట 120 బీపీఎం అనుకుందాం. ఒక దెబ్బ అర సెకను, ఒక ఆవర్తం 2 సెకన్లు, ఎనిమిది ఆవర్తాలు సరిగ్గా 16 సెకన్లు. మీరు కోసిన ముక్క 16.1 సెకన్లు ఉంటే నాలుగోసారి తిరిగేసరికి బీట్ నడ్డి విరుగుతుంది. కోసేచోట అల సున్నా గీతను దాటే బిందువు దగ్గర కోయండి, లేకపోతే తిరిగిన ప్రతిసారీ టిక్కుమంటుంది.

దీన్ని 126కు పెంచాలంటే రెండు దారులు. రికార్డు ప్లేయర్ వేగం పెంచినట్టు పెంచితే శ్రుతి కూడా లేస్తుంది. ఈ 5 శాతానికి అర స్వరంలో దాదాపు 84 శాతం లేస్తుంది. అంటే అటు పాత శ్రుతీ కాదు, ఇటు పై శ్రుతీ కాదు. మీ కీబోర్డుతో కలవదు. రెండోది టైమ్ స్ట్రెచ్. శ్రుతి కదలదు కానీ డ్రమ్స్ అంచులు అరుగుతాయి. ఐదారు శాతం దాకా స్ట్రెచ్ మంచిది. అంతకుమించి కావాలంటే డ్రమ్స్ ట్రాకు తీసేసి కొత్తవి కొట్టుకోవడమే మేలు. 126కు చేరాక మీ ముక్క 15.24 సెకన్లు ఉందో లేదో చూసుకోండి.

కింద మీ కిక్ డ్రమ్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్, పెట్టగానే అంతా బురదగా మారుతుంది. పాత ముక్కలోని బాసూ మీ కిక్కూ ఒకే చోటు కోసం కొట్టుకోవడం వల్ల అలా అవుతుంది. పాత ముక్కలో 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని ఈక్వలైజర్‌తో కోసేయండి. ఒక్కసారిగా గదిలో గాలి ఆడినట్టుంటుంది. తర్వాత మొదటి నాలుగు ఆవర్తాలూ అసలు వరసను దాచిపెట్టి, ఐదోదాని మొదటి దెబ్బకు వదలండి. ఆరో మెట్టులో రాసుకున్న లెక్క ఇక్కడ పనికొస్తుంది. నేను చేసిన మొదటి ముక్కలో ఎనిమిది రకాల చప్పుళ్ళు కలిపాను. నా మిత్రుడు విని, "పాట ఎక్కడుంది?" అన్నాడు. ఐదు తీసేశాను.

ఎనిమిదో మెట్టు: బయట పెట్టే ముందు

ఇంట్లో చేసుకుని వినడం వేరు, యూట్యూబ్‌లో పెట్టడం వేరు. ప్రతి పాటకూ రెండు తాళాలుంటాయి. ఒకటి స్వరకర్తది, రెండోది రికార్డింగు చేసిన కంపెనీది. కవర్‌కు మొదటి తాళం తీయించుకుంటే సరిపోతుంది. శాంపిల్‌కూ రీమిక్స్‌కూ రెండూ కావాలి. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1979 నాటి రికార్డుకు 2039 చివరిదాకా అన్నమాట. "హక్కులు నావి కావు" అని వీడియో కింద రాస్తే తాళం తెరుచుకోదు.

అందుకే నేర్చుకునేటప్పుడు "ఫైర్‌క్రాకర్" ముక్కను ఫోనులోనే ఉంచుకోండి. మిక్స్ అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి ఆ ఫోను స్పీకర్‌లోనే ఒకసారి వినండి. బాస్ మొత్తం మాయమవుతుంది. అయినా ఐదో ఆవర్తం మొదట్లో అసలు వరస గుర్తుపట్టేట్టు వినబడితే ఫైలు పేరులో తేదీ వేసి దాచుకోండి. వినబడకపోతే మీరు కలిపిన చప్పుళ్ళు దాన్ని కప్పేస్తున్నాయేమో చూసి వాటి సౌండ్ తగ్గించండి.